గోడ వాలు ఎటు

మాచర్ల రోడ్డు మీది బండల డిపోలో యజమాని నాకు కుర్చీ వేయించి, "నాపరాయి ఇప్పుడెవరు అడుగుతున్నారు మేడమ్, అంతా గ్రానైటే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ గడ్డ మీద పుట్టినవాడెవడైనా పాకింది నాపరాయి మీద, పడుకుంది నాపరాయి మీద, రేపు పోయాక స్నానం చేయించేదీ నాపరాయి మీదే. అలాంటి చోట నిలబడి నాపరాయి ఎవరడుగుతున్నారని నన్నే అడుగుతాడా! "నేనడుగుతున్నాను నాయనా, నేను మనిషిని కాదా?" అన్నాను. ఆయన నవ్వి, సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని, షెడ్డు వెనక ఎండలో నిలబెట్టిన బండల దగ్గరికి తీసుకెళ్ళాడు. అసలు నా కోపం ఆ పెద్దమనిషి మీద కాదు. గురజాలలో మా ఇంటి దొడ్లో సిమెంటు ఇటుకలతో గోడ కట్టిస్తున్న మా తమ్ముడు వాసు మీద. కోపం వచ్చిన చోట తీర్చుకోలేక దారిలో దొరికినవాళ్ళ మీద తీర్చుకోవడం మా వంశంలోనే ఉంది. మా ఇంట్లో పొలాలు పంచుకున్నా కోపం మాత్రం ఉమ్మడిగానే ఉంచుకున్నాం.

సంగతేమిటంటే, మా దొడ్డికీ పక్కనున్న మస్తాన్‌బీ వాళ్ళ దొడ్డికీ మధ్య ఉన్న పాత రాతిగోడ మొన్నటి వానలకు కూలిపోయింది. మట్టి అడుసుతో కట్టిన గోడ, అన్నేళ్ళు నిలబడటమే గొప్ప. మస్తాన్‌బీ నా ఈడుది. పెళ్ళయి వినుకొండ వెళ్ళింది, భర్త పోయాక కొడుకుతో పుట్టింటికే వచ్చేసింది. నేను బడి ఉద్యోగం అయిపోయాక మా ఇంటి వెనక గదుల్లోకి చేరాను. ముందు భాగంలో వాసు సంసారం, వీధి చివర వాడి పురుగుమందుల షాపు. గోడ కూలిన వారంలోనే వాడు ఇటుకలు దింపించాడు. గుండెల ఎత్తున ఆగుతుందనుకున్న గోడ మెడ దాటింది, తల దాటింది, ఇంకా లేస్తూనే ఉంది. దాని మీద గుచ్చడానికి గోనెసంచి నిండా పగలగొట్టిన సీసా పెంకులు తెచ్చిపెట్టాడు.

"ఎందుకురా ఇంత ఎత్తు? జైలా ఇది?" అన్నాను.

"రోజులు బాగాలేవక్కా."

"ఏం రోజులురా? అటు పక్కన ఉంది మస్తాన్‌బీ. నీ ముడ్డి కడిగిన జాన్‌బీ పిన్ని కూతురు."

"తెలిసినోళ్ళే, కాదంటల్లా. అయినా ఎవరి హద్దులో వాళ్ళుంటే మంచిది. ఫోన్లో చూట్టల్లా నువ్వు? ఏమేం జరగతన్నయ్యో?"

వాడి నోటి వెంట ఆ మాట వినేసరికి ఇక నా నోరు ఆగలేదు. పుట్టినప్పటి నుంచీ కళ్ళెదుట చూసిన మనుషుల్ని నమ్మడట, అరచేతిలో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు పంపిన బొమ్మను నమ్ముతాడట! ఆ పూటంతా ఇద్దరం అరుచుకున్నాం. చివరికి వాడు విసుగెత్తి, "ఎత్తు నా ఇష్టం, పైన ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం. గాజుపెంకులొద్దంటే మానేస్తా, పో" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను బండలు ఏరడానికి బయల్దేరాను. ఓడిపోయిన యుద్ధంలో దొరికిన పిడికెడు మట్టి అది, నాకు తెలుసు. కానీ గోడ నెత్తిన ఏముంటుందనేది చిన్న సంగతి కాదని మా ఇంట్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అప్పటివాళ్ళందరూ పోయారు, నేనూ మస్తాన్‌బీయే మిగిలాం.

ఆ పాత గోడ కట్టించింది మా తాతయ్య. ఆయనకు పొలం కంటే కోర్టు ఎక్కువ ఇష్టం. గురజాల కోర్టు అరుగు మీద ఆయన కూర్చున్న చోట గుంట పడిందని నాయనమ్మ అంటూండేది. ఉదయం పూట తుండుగుడ్డ నీళ్ళలో తడిపి నెత్తిన వేసుకుని, దొడ్లో వేపపుల్ల నములుతూ, గోడ పొడవునా నడుస్తూ ఎవరి హద్దు ఎవరు మింగారో మాకు పాఠం చెప్పేవాడు. ఆయన చెప్పిన పాఠాల్లో నాకు కంఠతా వచ్చింది ఒకటే. "గోడ ఎవరిదో తెలవాలంటే కాయితాలు చూడక్కర్లా. నెత్తిన వాలు చూడు. గోడ మీద పడ్డ వాన ఎవరి దొడ్లోకి జారిద్దో వాడిదే గోడ. తన గోడ నీళ్ళు పరాయోడి నేల మీద పోసేవాడు మనిషి కాదు." ఊళ్ళో ఏ మేస్త్రీని అడిగినా అదే చెప్పేవాడు. గోడ కట్టించినవాడు వాలు తనవైపు పెట్టుకుంటాడు, నీళ్ళ బాధ తనే పడతాడు, అదే వాడి హక్కుపత్రం. మా గోడ మీద కూడా మొదట్లో గచ్చు పోసి మావైపు వాలు పెట్టించాడు. వాన వస్తే మా బంతిమొక్కలు మునిగేవి, తాతయ్య మాత్రం మీసం తిప్పుకుంటూ వాకిట్లో నిలబడి చూసేవాడు.

ఆ గచ్చు కొన్నేళ్ళకు పగిలి ఊడిపోయింది. గోడ పగుళ్ళలోకి నీళ్ళు దిగుతున్నాయని, పైన బండలు పరిపించాలని నాయనమ్మ పట్టుబట్టింది. బండలు ఏరడం మగాళ్ళ పని అని తాతయ్య అంటే, "మీరు ఏరిన బండలు చూశాగా, వంటింట్లో అడుగేస్తే కాలి వేళ్ళు చీరుకుపోతన్నయ్యి" అని, దాచేపల్లి వైపు క్వారీకి తనే బండి కట్టించింది. తోడుగా పక్కింటి జాన్‌బీ పిన్నిని రమ్మంది. బండిలో వెనక నేనూ మస్తాన్‌బీ, కాళ్ళు వేలాడేసుకుని. క్వారీలో తెల్లటి దుమ్ము, గునపాల చప్పుడు, ఎండకు కాలిన రాతి వాసన. తడిపిన సున్నంలాంటి ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. నాయనమ్మ ఒక్కో బండనూ మెటికతో కొట్టేది. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పొర విడిచిందని అర్థం. తర్వాత చెంబుతో నీళ్ళు పోసి నిలబడేది. నీళ్ళు ఇంకిపోతే అవతల పెట్టమనేది. ఆమె కొట్టి వదిలేసిన బండను జాన్‌బీ పిన్ని మళ్ళీ కొట్టేది. ఇద్దరికీ ఒక్క బండ మీద మాట కలిసేది కాదు. "నీకు చెవుడే జానూ" అని ఈవిడ, "నీకు చాదస్తం అత్తా" అని ఆవిడ. క్వారీ వాళ్ళు పని మానేసి చూస్తూ కూర్చున్నారు. పొద్దు వాలేదాకా ఏరి, గోడ మందం కంటే రెండు పక్కలా బెత్తెడు బయటికి వచ్చే వెడల్పాటి బండలు బండికెత్తించారు. అంత వెడల్పు ఎందుకో అప్పుడు నాకర్థం కాలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చి, అడుసు పరిచి, వాలు మావైపు పెట్టబోయాడు. నాయనమ్మ కొంగు బిగించి వచ్చింది.

"వాలూ గీలూ వద్దు. మట్టంగా పెట్టు."

"మట్టంగా పెడితే గోడ ఎవరిదో తెలవదు గదమ్మా."

"తెలవకపోతే నీకేంది?"

మేస్త్రీ వాలు తీసేసి బండను మట్టంగా దించాడు. బండ కింద రెండు అంచుల్లోనూ సన్నటి గాడి కొట్టించింది, వాన గోడలోకి జారకుండా అటు కొంత ఇటు కొంత చినుకులుగా రాలిపోవడానికి. తాతయ్య కోర్టు నుంచి వచ్చేసరికి బండలన్నీ పరవడం అయిపోయింది, బావి పక్కన చివరి బండ ఒక్కటి మిగిలింది. ఆయన కేకలు వీధి చివరిదాకా వినపడ్డాయి. తన గోడను తన పెళ్ళామే సాయిబులకు సగం రాసిచ్చిందన్నాడు. కోర్టులో తలెత్తుకోలేనన్నాడు. ఆ చివరి బండను తనే దగ్గరుండి మావైపు వాలుగా పెట్టించాడు. పెట్టించి, కోపంతో అన్నం ముట్టనన్నాడు. నాయనమ్మ బతిమాలలేదు. కంచంలో అన్నం, గోంగూర పచ్చడి, నెయ్యి వేసి ఆయన ముందు పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంట్లో ఎవరు అలిగినా ఆమె చేసేది అదే. ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటుంది, కంచం ఖాళీ అయ్యేదాకా లేవదు. ఆ చూపు భరించలేక తాతయ్య ఎప్పటికో తిన్నాడు.

బండలు వెడల్పుగా, మట్టంగా ఎందుకు కావాలన్నారో ఆ వేసవికి తెలిసింది. ఇటు అంచున మా గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు. అటు అంచున వాళ్ళ సేమియా, మామిడి ఒరుగులు. మధ్యలో హద్దు ఏదీ ఉండేది కాదు, అయినా ఎవరివి ఎవరివో అందరికీ తెలిసేది. ఎండకు ఆ రాయి పెనంలా కాలేది, రెండు పూటల్లో వడియం గలగలమనేది. మబ్బు పట్టిందంటే ఏ దొడ్లో మనిషి ఉంటే ఆ మనిషే అన్నీ ఎత్తి లోపల పెట్టేది. మా ఇంట్లో కూర తక్కువైతే గోడ మీద గిన్నె వచ్చేది, వాళ్ళింట్లో మజ్జిగ తక్కువైతే గోడ మీద చెంబు వెళ్ళేది. "ఏమే మస్తానూ, గిన్నె తీసుకో, చేతులు కాలతన్నయ్యి" అని నాయనమ్మ కేక. ఆ గిన్నె ఖాళీగా తిరిగిరాకూడదని రెండు ఇళ్ళల్లోనూ పట్టింపు. వాసు అప్పటికి పాకుతున్నాడు. వాణ్ణి ఆ బండ మీద కూర్చోబెట్టి అటు నుంచి జాన్‌బీ పిన్ని, ఇటు నుంచి మా అమ్మ పట్టుకుంటే తప్ప ముద్ద మింగేవాడు కాదు. ఇవాళ వాడు హద్దుల గురించి నాకు చెప్తాడు!

అప్పుడంతా పాలూ తేనే అని చెప్పను. అలా చెప్పేవాళ్ళను చూస్తే కూడా నాకు కోపమే. మా తాతయ్య మొదట్లో వాళ్ళింటి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. జాన్‌బీ పిన్ని భర్త కాశిం బాబాయి ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు. ఆయన దగ్గరెప్పుడూ కిరసనాయిలు, గ్రీజు కలిసిన వాసన. ఒక ఏడు మా పొలం ఇంజను నడి ఎండాకాలంలో ఆగిపోతే వచ్చి బాగుచేశాడు, అప్పటి నుంచి తెల్లవారుజామున బావి దగ్గర ఇద్దరికీ మాటలు మొదలయ్యాయి. తాతయ్య వేపపుల్లతో ఇటు, బాబాయి టీ గ్లాసుతో అటు. ఒక రోజు బాబాయి రెండో గ్లాసు కూడా తెచ్చి తాతయ్య పెట్టించిన ఆ వాలు బండ మీద పెట్టాడు. గ్లాసు జారి మా బావి గట్టు మీద పడి పగిలింది. తాతయ్య, "చూశావా, నా గోడ నా వైపే పోసిద్ది" అన్నాడు. మర్నాడు బాబాయి ఇంజను ప్యాకింగు రబ్బరు కోసి, ఒక పక్క మందంగా ఒక పక్క పల్చగా చెక్కి, గ్లాసు అడుగంత ముక్క ఆ బండకు అంటించాడు. దాని మీద గ్లాసు నిటారుగా నిలబడింది. తాతయ్య దాన్ని వేలితో నొక్కి చూశాడు, అటూ ఇటూ చూశాడు, తాగాడు. ఆ రబ్బరు ముక్క ఊడినప్పుడల్లా బాబాయి కొత్తది కోసి అంటించేవాడు. తాతయ్య చనిపోయేదాకా ఆ వాలు అలాగే ఉంది, టీ కూడా అలాగే నడిచింది.

ఆ బండలు ఇప్పుడెక్కడున్నాయో తెలుసా? గోడ కూలినా ఒక్కటి పగలలేదు. ఎత్తి పక్కన పెట్టించమని మేస్త్రీకి చెప్పి నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు వాసు సమ్మెటతో వాటిని తునకలు చేయించి కొత్త గోడ పునాదిలో పోయించాడు. రబ్బరు అంటిన నల్ల మరకతో సహా ఆ చివరి బండ కూడా. "పాత రాళ్ళక్కా, పునాదికి గట్టిగా ఉంటయ్యి" అన్నాడు. వాడి నోట్లో మన్ను బడ! నాయనమ్మ మెటికలు అరగదీసి ఏరిన రాళ్ళు. చచ్చిపోయినవాళ్ళ చేతులు తగిలిన రాళ్ళు. ఆ రోజు నేను అన్నం తినలేదు, నా ఎదురుగా కూర్చునేవాళ్ళూ లేరు.

అందుకే డిపోలో ఒక్కో బండనూ మెటికతో కొట్టి చూశాను. ఇప్పటి మెటికలకు ఆ బలం లేదు, ఇంటి తాళంచెవి వాడుదామంటే అదీ తేలేదు, ఉంగరంతో కొట్టాను. సీసాలోని మంచినీళ్ళు పోసి నిలబడ్డాను. డిపో ఆయన గడియారం చూసుకున్నాడు. నేను చూసుకోలేదు. నీలం నలుపు కలిసిన, పొర విడవని, రెండు పక్కలా బెత్తెడు బయటికి వచ్చే బండలు ఏరి ట్రక్కు ఎక్కించాను. "మట్టంగా పెట్టాలి, వాలు పెట్టొద్దు, కింద రెండు పక్కలా గాడి కొట్టాలి" అని మేస్త్రీకి ఒకటికి పదిసార్లు చెప్పాను. మర్నాడే కంటి ఆసుపత్రికి నరసరావుపేట వెళ్ళాల్సి వచ్చింది. కళ్ళల్లో మందు వేశారు, ఆ రాత్రి మా పిన్ని కూతురింట్లో ఆగిపోయాను.

తిరిగి వచ్చి దొడ్లోకి వెళ్తే బండలు పరవడం అయిపోయింది. ఒక్కటి కూడా మట్టంగా లేదు. అన్నీ అటువైపుకు, మస్తాన్‌బీ దొడ్డి వైపుకు, ఏటవాలుగా.

"చూశావా అక్కా ఎట్టుందో" అన్నాడు వాసు సంబరంగా. "మట్టంగా పెడితే మన గులాబీ మొక్కల మీద నీళ్ళు కారతయ్యని నేనే ఆపించా. వాలు అటు పెట్టించా. పడితే వాళ్ళ దొడ్లో పడనీ, మనకేంది?"

మన గోడ మీది వాన తీసుకెళ్ళి పక్కవాళ్ళ వాకిట్లో పోస్తాడా! తాతయ్య ఎంత మొండివాడైనా ఆ పని చేయలేదు. "ఒరేయ్, నువ్వసలు ఆయన మనవడివేనా..." అని మొదలుపెట్టానో లేదో, గోడ అవతల నుంచి దగ్గు వినపడింది. మనిషి కనపడలేదు. ఆ గోడకు మనిషి ఎక్కడ కనపడుతుంది? గొంతే వినపడింది.

"ఏమే, వచ్చావా పేట నుంచి?" అంది మస్తాన్‌బీ. "నీ తమ్ముడికి చెప్పు, గోడ మాకు ఇచ్చినందుకు చానా సంతోషమని."

వాసు మొహం నా వైపు తిప్పాడు. "ఏందక్కా? ఎవరు ఇచ్చారు గోడ?"

"వాలు మా దిక్కు పెట్టించావుగా నాయనా" అంది అవతలి గొంతు. "మీ తాత రోజూ చెప్పేవాడు, నేనూ మీ అక్కా పక్కపక్కన కూర్చుని విన్నాం. ఎవరి దిక్కు వాలితే వాళ్ళదే గోడ. ఊళ్ళో ఏ ముసలి మేస్త్రీనన్నా అడుగు పో."

ఎన్ని రోజుల తర్వాతో నాకు నవ్వొచ్చింది. కోపం పోయి వచ్చిన నవ్వు కాదు, కోపంలోంచే వచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఎవరిని దూరం పెట్టాలని వాడు ఆకాశమెత్తు గోడ కట్టించాడో, వాళ్ళకే గోడ రాసిచ్చాడు, అదీ తన చేతుల్తో, తన తెలివితో, మొక్కలు తడుస్తాయని. "అవునురా" అన్నాను. "గోడ వాళ్ళదే. తాతయ్య బతికుంటే కోర్టులో వాళ్ళ తరపునే సాక్ష్యం చెప్పేవాడు."

"అయ్యన్నీ పాత రోజుల మాటలు" అన్నాడు వాడు, కానీ గొంతు తగ్గింది. వాడూ ఆ పాఠం విన్నవాడే, చిన్నప్పుడు తాతయ్య ఒళ్ళో కూర్చుని.

"మరి మాదైతే ఇంత ఎత్తు మాకొద్దు" అంది మస్తాన్‌బీ. ఈసారి గొంతులో వెటకారం లేదు. "గాలి రావట్లా. నాకు మోకాళ్ళ నొప్పులు, వీధి చుట్టూ తిరిగి మీ ఇంటికి రాలేను. రేపు మా మేస్త్రీ వచ్చి తగ్గిస్తాడు. నీ తమ్ముడికి ఇష్టం లేకపోతే వచ్చి నాతో చెప్పమను. నా మొహం చూసి చెప్పమను."

వాడు వెళ్ళి చెప్పలేదు. చెప్పడానికి మొహం ఉండాలిగా. మర్నాడు ఉదయం అటువైపు నుంచి ఉలి దెబ్బలు మొదలయ్యాయి. బండలు ఒక్కొక్కటే పైకి లేచాయి, నేను ఇటు నుంచి అరుస్తూ ఉన్నాను, అంచులు విరగకుండా దించమని. ఇటుకల వరసలు ఊడుతుంటే మొదట మస్తాన్‌బీ తెల్ల జుట్టు కనపడింది, తర్వాత నుదురు, తర్వాత మొహం. నన్ను చూసి నవ్వలేదు. "రాళ్ళు ఏరటానికి మాచర్ల దాకా పోయావంట. ఒక్కదానివే పోయావే? నన్ను పిలవబుద్ధి కాలా?" అంది. పిలిచుంటే అక్కడ కూడా పోట్లాడేది, నేను ఏరిన ప్రతి బండనూ మళ్ళీ కొట్టి చూసేది. అదే మాట అన్నాను. "ఆ, అందుకే పిలవలేదు నువ్వు" అంది, మూతి తిప్పుకుని.

గుండెల ఎత్తున గోడ ఆగింది. మేస్త్రీ సిమెంటు పరిచి, రసమట్టం చేతిలో పట్టుకుని, మస్తాన్‌బీ వైపు తిరిగి, "వాలు ఎటు పెట్టమంటారమ్మా?" అన్నాడు.

"మట్టంగా పెట్టు."

"గోడ ఎవరిదో తెలవదుగా."

"తెలవకపోతే నీకేంది?"

నేను మొహం తిప్పుకున్నాను. కళ్ళల్లో మందు వేసి రెండు రోజులే అయింది, నీళ్ళు కారకూడదన్నారు.

సాయంత్రానికి బండలు పరిచారు, తడి ఇంకా ఆరలేదు. దాని మీద మస్తాన్‌బీ ఒక స్టీలు గిన్నె పెట్టింది. మూత తీస్తే పాలల్లో ఉడికిన సేమియా, జీడిపప్పు, నెయ్యి వాసన. "వాడికి పెట్టు" అంది. అంతే, వెళ్ళిపోయింది. గిన్నె ముందు గదిలోకి తీసుకెళ్ళాను. వాసు సోఫాలో ఫోను చూస్తూ కూర్చున్నాడు. వాడి ముందు గిన్నె పెట్టి, చెంచా పెట్టాను. వాడు తలెత్తలేదు. ఎవరిచ్చారని కూడా అడగలేదు, వాసనకే తెలిసింది. నాకు కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. ఎదురుగా నేల మీద, నాపరాయి మీద, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేచేది లేదు.